క్రాకుఫ్ కవిలెలు

పోలండు వెళ్ళివచ్చామని తెలియగానే సంఘం మిత్రులు అడిగిన మొదటి ప్రశ్న, "వియెలిచ్క ఉప్పుగని చూశారా?" అని. రెండో ప్రశ్న, "శాకాహారులకు అక్కడ తిండి దొరుకుతుందా?" అని. రెండోదానికి జవాబు తేలిక. బంగాళాదుంపలు, పుట్టగొడుగులు, పెరుగు పుష్కలంగా ఉన్న దేశంలో ఎవరూ పస్తుండరు. మొదటిదానికి మాత్రం తల దించుకోవలసి వచ్చింది. చూడలేదు. అంత దూరం వెళ్ళి ఉప్పుగని కూడా చూడకుండా మూడు రోజులు ఏం చేశారని నిలదీస్తే, ఒక గదిలో కూర్చుని పాత మునిసిపాలిటీ పుస్తకాలు చూశామని చెప్పాం. నవ్వినవారికి నవ్వగలిగినంత. ఆ సంగతేమిటో వివరంగా వ్రాయమని సంపాదకులు అడిగారు కనుక ఈ నాలుగు పేజీలు.

దీనికి మూలం మా పక్కింటి పెద్దావిడ. ఎనభైవ పడిలో ఉన్నారు. మా పిల్లలు ఆవిడను వాళ్ళ భాషలోనే "బాబ్చ" అని, అంటే అమ్మమ్మా అని పిలుస్తారు. ఉగాదికి మనం పులిహోర పంపితే ఈస్టరుకు ఆవిడ తీపి రొట్టె పంపుతారు. ఆవిడ తండ్రి యుద్ధంలో పోలిష్ సేనలో పనిచేసి, తరువాత స్వదేశం వెళ్ళకుండా ఇంగ్లండులోనే ఉండిపోయిన వేలాది మందిలో ఒకరు. "మాది క్రాకుఫ్" అని తప్ప ఆయన తన ఊరి గురించి ఏనాడూ ఇంకో ముక్క చెప్పలేదట. ఆ మధ్య దూరపు బంధువు ఒకరు ఆవిడకు ఒక కాగితం పంపించారు. 1910 నాటి క్రాకుఫ్ జనాభా లెక్కల పుస్తకంలో ఆవిడ తాతగారి కుటుంబం ఉన్న పేజీకి నకలు అది. ఆవిడకు కళ్ళు సరిగా కనబడవు. పైగా అది నూరేళ్ళ కిందటి చేతివ్రాత. భూతద్దం పెట్టుకుని ఇంటిపేరొక్కటీ చదవగలిగారు. మాలో ఒకరికి ఉద్యోగరీత్యా క్రాకుఫ్‌లో కాన్ఫరెన్సు ఉందని తెలిసి, ఆ కాగితం మా చేతిలో పెట్టి, "మా తాత నిజంగా క్రాకుఫ్ వాడేనా? ఎవరినైనా అడిగి చదివించుకు రండి" అన్నారు. కాన్ఫరెన్సుకు మూడు రోజులు సెలవు కలుపుకుని ఇద్దరం బయలుదేరాం.

ఊరి పేరును ఇంగ్లీషువారు క్రాకో అంటారు, అక్కడివారు క్రాకుఫ్ అంటారు. విస్తులా నది ఒడ్డున వావెల్ గుట్ట, గుట్టమీద రాజుల కోట, దాని కింద పాత నగరం. మధ్యలో ఒక్కొక్క వైపు సుమారు 200 మీటర్లున్న చదరపు అంగడి మైదానం. దానిని రీనెక్ అంటారు. నడుమ బట్టల వర్తకుల పొడవాటి మండపం, ఒక మూల సెయింట్ మేరీ చర్చి, ఇంకో పక్క ఒంటరిగా నిలబడ్డ గడియారపు బురుజు. ఆ బురుజు పాత పురపాలక భవనానిది. భవనాన్ని 1820 నాటికి పడగొట్టేశారు, బురుజు మిగిలింది. 1978లో ఈ పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. ఇవన్నీ టూరిస్టు పుస్తకాల్లో ఉన్నవే కనుక ఇక్కడితో ఆపుతాం. పడగొట్టిన ఆ భవనంలో కూర్చుని గుమాస్తాలు వందల ఏళ్ళపాటు వ్రాసిన పుస్తకాల సంగతి మాత్రం టూరిస్టు పుస్తకాలు చెప్పవు.

ఆ పుస్తకాల కోసం నగరం 1887లో ప్రత్యేకంగా ఒక భాండాగారం పెట్టుకుంది. చాలాకాలం అవి రీనెక్‌కు దగ్గర్లో ష్యెన్న వీధిలోని భవనంలో ఉండేవి. ఇప్పుడు రైల్వే స్టేషనుకు ఆవల రకొవిత్‌స్క వీధిలో కొత్త భవనం కట్టారు. పాస్‌పోర్టు చూపించి, ఏ విషయం మీద చదవడానికి వచ్చామో ఒక ఫారం మీద వ్రాసిస్తే లోపలికి రానిచ్చారు. రుసుము లేదు. కలాలు బయట పెట్టాలి, పెన్సిలు ఒక్కటే అనుమతి. మరీ పాత సంపుటాలను చేతికివ్వరు, వాటి ఫోటోలను తెరమీద చూసుకోవాలి. తరువాతి కాలపు పుస్తకం ఒకటి మెత్తటి దిండు మీద పెట్టి తెచ్చిచ్చారు. ఆ దిండు చూడగానే మాకు వ్యాసపీఠం గుర్తుకువచ్చింది.

చదువుగది అధికారిణి ఓపికగల మనిషి. బాబ్చ కాగితం చూడగానే, "ఇది తేలికే, రేపు చదువుదాం. ఇంత దూరం వచ్చారు, ముందు పాతవి చూడండి" అన్నారు. ఆవిడకు ఎవరూ అడగని పుస్తకాలను చూపించాలని సరదాగా ఉన్నట్లుంది. మాకూ అభ్యంతరం లేకపోయింది.

మొదటి పుస్తకం మొదటి పేజీ చూసి బెదిరిపోయాం. భాష లాటిను. అక్షరాలు రోమను లిపే అంటారు గాని ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాం. మన పాత కరణాలు కలం ఎత్తకుండా వ్రాసే గొలుసుకట్టు వ్రాత చూసినవారికి ఆ పరిస్థితి అర్థమవుతుంది. మాలో ఒకరి తాతగారు కరణీకం చేశారు. ఆయన చిట్టా అడంగలు చూసి, "తాతయ్య వ్రాసింది తెలుగేనా?" అని చిన్నప్పుడు అడిగిన ప్రశ్నే, అక్కడ క్రాకుఫ్‌లో మళ్ళీ నోటిదాకా వచ్చింది. కాగితం ఖరీదు, గుమాస్తాకు తొందర. అందుకని మాటను సగం వ్రాసి నెత్తిన ఒక గీత గీసి వదిలేస్తాడు. ఆ గీత కింద ఏ అక్షరాలు మింగేశాడో తెలిసినవారే చదవగలరు. ఇది చదవడం నేర్పడానికి యూనివర్సిటీలలో ప్రత్యేకంగా ఒక శాస్త్రమే ఉంది. "మా కాలేజీ పిల్లలు కూడా నేర్చుకోకపోతే ఇది చదవలేరు. తాతముత్తాతలది అయినంత మాత్రాన రాదు" అని అధికారిణి అన్నారు.

తారీఖులు మరీ విచిత్రం. నవంబరు 15 అని వ్రాయరు. "సెయింట్ మార్టిన్ పండుగ తరువాతి శుక్రవారం" అని వ్రాస్తారు. మార్టిన్ పండుగ ఏటా నవంబరు 11న వస్తుంది. 1392లో అది సోమవారం పడింది. కనుక ఆ సంవత్సరం ఆ మాటకు అర్థం నవంబరు 15. ఇలా ప్రతి తారీఖునూ లెక్క కట్టుకోవాలి. మనకు ఇది కొత్త కాదు. ఫలానా నామ సంవత్సర కార్తీక బహుళ పంచమీ శుక్రవారం అన్న శాసనం తారీఖు తేల్చడానికి మనవాళ్ళు పడే పాటు ఇదే. పైగా 1582లో పోపు గ్రెగరీ పంచాంగం దిద్దినప్పుడు ఆ మార్పును మొట్టమొదట ఒప్పుకున్న దేశాల్లో పోలండు ఒకటి. అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అయింది. ఆ ఏడాది పుస్తకాలు చదివేవారు మధ్యలో పదిరోజులు ఏమయ్యాయని వెతుక్కోకూడదు.

డబ్బు లెక్కా అంతే. ఒక మార్కుకు 48 గ్రోషులు, పావు మార్కుకు 12, స్కోతు అంటే 2. కుంచాలు, తూములు, పుట్లు లెక్కపెట్టిన జాతికి ఇదొక లెక్కా అనుకుని కాగితం మీద కూడికలు వేసి చూశాం. రెండుసార్లు తప్పు వచ్చింది.

లెక్కల పుస్తకాలు చదవడంలో సుఖం ఏమిటంటే, అవి కథలు చెప్పవు, కథలను సరిదిద్దుతాయి. సెయింట్ మేరీ చర్చి ఎత్తైన గోపురం మీదనుంచి గంట గంటకు ఒక బాకా పాట వినిపిస్తుంది. దాన్ని హెయ్‌నవ్ అంటారు. నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు ఊదుతారు. ప్రతిసారీ పాట మధ్యలో తెగిపోతుంది. తాతారులు ఊరిమీద పడ్డప్పుడు కావలివాడు హెచ్చరికగా బాకా ఊదుతుంటే గొంతులో బాణం దిగిందనీ, అందుకే పాట అక్కడ ఆగిపోతుందనీ గైడు కళ్ళనీళ్ళు పెట్టుకునేలా చెప్పాడు. ఆ కథ లోకమంతా పాకింది 1928లో ఎరిక్ కెల్లీ అనే అమెరికన్ రచయిత పిల్లల కోసం వ్రాసిన నవలతో. హెయ్‌నవ్ ప్రసక్తి మొదటిసారి కనిపించేది మాత్రం 1392 నాటి నగరం లెక్కల్లో. బాణం లేదు, వీరమరణం లేదు. కోటతలుపులు తీసే వేళకూ మూసే వేళకూ గుర్తుగా, అగ్నిప్రమాదం కనబడితే హెచ్చరికగా ఊదడానికి గోపురం మీద కావలి ఉండేది. ఇప్పుడూ ఆ బాకా ఊదేవారు అగ్నిమాపక శాఖ ఉద్యోగులే. 1927 నుంచి పోలిష్ రేడియో మధ్యాహ్నం పన్నెండింటి పాటను ప్రసారం చేస్తోంది. గైడు కథ కంటే ఈ జీతగాళ్ళ కథే మాకు బాగున్నదనిపించింది. రాత్రి చలిలో మేలుకుని ఊరిని కాచేవాడి గురించి ఆరువందల ఏళ్ళ తరువాత ఒక లెక్కల పుస్తకం సాక్ష్యం చెబుతోంది.

ఇక అసలు పాత పుస్తకం. 1241లో తాతారులు క్రాకుఫ్‌ను ధ్వంసం చేశారు. 1257 జూన్ 5న బొలెస్వాఫ్ అనే ప్రభువు నగరాన్ని మళ్ళీ కట్టడానికి శాసనమిచ్చాడు. జర్మనీలోని మాగ్డెబుర్గ్ నగరపు చట్టం ప్రకారం ఈ ఊరు నడవాలన్నాడు. వుయిత్ అనే నగర పెద్దలుగా ముగ్గురిని నియమించాడు. జర్మనులను, సైలీసియా వారిని, చేతిపనులు తెలిసినవారిని పిలిచి స్థలాలిచ్చాడు. ఆ శాసనంలో ఒక షరతు విని మేము చెవులు నిక్కించుకున్నాం. పల్లెల్లో ఉన్న పోలిష్ రైతులను నగర పౌరులుగా చేర్చుకోకూడదట. కట్టుబడి ఉన్న రైతులనే కాదు, స్వతంత్రులైన పోలిష్ పల్లెవాసులను కూడా. వాళ్ళంతా ఊళ్ళోకి వచ్చేస్తే పొలాలు దున్నేవారెవరని ప్రభువు భయం. దూరదేశంవాడికి తలుపు తెరిచి, చుట్టుపక్కల పల్లెవాడికి మూశారన్నమాట.

క్రాకుఫ్ పుస్తకాల్లో మిగిలి ఉన్న అత్యంత పాతది 1300లో మొదలవుతుంది. ఇళ్ళ అమ్మకాలు, అప్పులు, వాటాలు, కౌన్సిలు తీర్మానాలు అన్నీ అందులో ఉన్నాయి. ప్యెకోషిన్‌స్కి, షుయ్‌స్కి అనే ఇద్దరు పండితులు 1300 నుంచి 1400 వరకు ఉన్న పుస్తకాలనూ లెక్కలనూ 1878లో అచ్చువేశారు. మాబోటివాళ్ళు ఒక చేత్తో అచ్చుపుస్తకం పట్టుకుని, ఇంకో చేత్తో తెరమీద వ్రాతను వెతుక్కోవచ్చు. ఆ పుస్తకంలో ఒక మలుపు ఉంది. 1311లో అల్బెర్ట్ అనే వుయిత్ నాయకత్వంలో నగరంలోని జర్మను వర్తకులు వ్వాదిస్వాఫ్ వొకెతెక్ అనే ప్రభువు మీద తిరగబడ్డారు. 1312లో తిరుగుబాటు అణగిపోయింది. ఆ సంవత్సరం నవంబరు నుంచి నగర పుస్తకాల్లో జర్మను ఆగిపోయి లాటిను మొదలైంది. గెలిచినవాడి కోపం గుమాస్తా కలం దాకా వచ్చింది. ఆ తరువాతి శతాబ్దాల్లో జర్మను మళ్ళీ కొన్ని పుస్తకాల్లోకి రానే వచ్చింది. పోలిష్ నిదానంగా పదహారవ శతాబ్దంలో గాని చోటు సంపాదించుకోలేకపోయింది. సొంత దేశపు రాజధానిలో సొంత భాష రెండువందల ఏళ్ళకు పైగా గుమ్మం బయటే నిలబడింది.

ఆ తిరుగుబాటు అణచినప్పటి ముచ్చట ఒకటి పాత వృత్తాంతంలో ఉంది. పట్టుబడ్డవారిచేత సొచెవీత్స, కొవో, మ్యెలె, మ్విన్ అనే నాలుగు మాటలు పలికించారట. మసూరుపప్పు, చక్రం, విసురుతుంది, మర అని వాటి అర్థాలు. నోరు తిరగనివాడు జర్మనువాడని తేల్చి చంపారట. మేమిద్దరం ఆ నాలుగు మాటలూ పలికి చూశాం. అధికారిణి నవ్వి, "మీ ఇద్దరూ బతకరు" అన్నారు. మాకు మాత్రం మన తెలుగు బడిలో పిల్లలు "కోళ్ళు, వేళ్ళు, పళ్ళు" అనలేక పడే అవస్థ గుర్తుకు వచ్చింది. మనం పరీక్షలో మార్కులు తగ్గిస్తాం, అంతే తేడా.

మధ్యాహ్నం చూపించినది మాకు అన్నిటికన్నా నచ్చిన పుస్తకం. 1392 నుంచి నగరంలో కొత్తగా పౌరహక్కు పొందినవారి పట్టిక. దీనిని 1913లో అచ్చువేశారు. వరుసగా పేర్లు. పేరు, వృత్తి, వచ్చిన ఊరు, తరువాత "యూస్ హబెత్" అంటే "హక్కు కలదు". దర్జీలు, కమ్మరులు, రొట్టెలు కాల్చేవారు, చర్మకారులు. సైలీసియా నుంచి, హంగరీ నుంచి, జర్మను నగరాల నుంచి, చుట్టుపక్కల పోలిష్ ఊళ్ళనుంచి కూడా. 1257 నాటి షరతు అప్పటికే సడలిపోయిందని ఆ ఊళ్ళ పేర్లే చెబుతున్నాయి. పౌరుడు కావాలంటే సక్రమ వివాహంలో పుట్టినట్లు స్వస్థలం నుంచి ఉత్తరం తేవాలి. లేదా తెలిసినవారు జామీను ఉండాలి. తరువాత ప్రమాణం చేయాలి. కొందరి పేరు పక్కన ఉత్తరం ఇంకా తేవలసి ఉన్నట్లు గుమాస్తా వ్రాసుకున్నాడు. ఇది చదివి మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బర్త్ సర్టిఫికెట్టు కోసం స్వగ్రామం పంచాయితీ ఆఫీసు చుట్టూ అన్నగారిని ఎన్నిసార్లు తిప్పించామో, హోం ఆఫీసువారు "మీ కాగితాలు అసంపూర్ణం" అని ఎన్ని ఉత్తరాలు వ్రాశారో మన సంఘంలో అందరికీ అనుభవమే. ఆరువందల ఏళ్ళ కిందటి ఆ కమ్మరి కూడా ఎవరో తమ్ముడికి కబురు పెట్టుకునే ఉంటాడు.

ఇలాంటి పుస్తకాలు ఓపికగా తిరగేసినందువల్ల ఒక మహాశిల్పి పేరు బయటపడింది. సెయింట్ మేరీ చర్చిలో చెక్కతో చెక్కిన ఒక గొప్ప బలిపీఠం ఉంది. ఎత్తు సుమారు 13 మీటర్లు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దాన్ని చెక్కినవాడెవరో ఊరిలో ఎవరికీ తెలియదు. అంబ్రోజి గ్రబోవ్‌స్కి (1782-1868) అనే ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు. కుర్రతనంలో ఒక పుస్తకాల కొట్టులో పనికి కుదిరి, తరువాత తానే కొట్టు పెట్టుకున్నాడు. ఆయన నగరపు పాత కాగితాల్లో వెతికి, అది విత్ స్త్వోష్ పని అని తేల్చాడు. స్త్వోష్ 1477లో నూరెంబర్గ్ పౌరసత్వం వదులుకుని క్రాకుఫ్ వచ్చాడు. 1489లో పీఠం పూర్తిచేశాడు. 2808 ఫ్లోరినులు ఖర్చయింది. అతని పనితనం చూసి 1483లో కౌన్సిలు పన్నులు మాఫీ చేసింది. ఆ పీఠాన్ని యుద్ధకాలంలో జర్మనులు ఎత్తుకుపోతే 1946లో తిరిగి వచ్చింది. పుస్తకాల కొట్టు యజమాని ఒకడు దుమ్ము దులపకపోతే ఆ శిల్పి తన పని పక్కనే అనామకుడుగా ఉండిపోయేవాడు.

మరొక పుస్తకం యూనివర్సిటీ గ్రంథాలయంలో ఉంది. నగర లేఖకుడు బాల్తజార్ బెహెమ్ 1505లో సిద్ధం చేయించిన సంపుటం. నగరం హక్కులు, వృత్తి సంఘాల నియమాలు, ప్రమాణాలు అన్నీ ఒకచోట చేర్చాడు. 27 రంగుల చిత్రాలు వేయించాడు. మేము చూసినది దాని అచ్చుప్రతిని మాత్రమే. దర్జీ, రొట్టెలవాడు, కంసాలి, గంటలు పోతపోసేవాడు, చెప్పులు కుట్టేవాడు, అందరూ తమ తమ దుకాణాల్లో పనిచేస్తూ ఉంటారు. చెప్పులు కుట్టేవాడి బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగాం. బాబ్చ తాతగారిది ఆ పనే.

రెండోరోజు బాబ్చ కాగితం తీశాం. 1910లో క్రాకుఫ్ ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. డిసెంబరు 31 నాటి స్థితి ప్రకారం ఇంటింటికీ లెక్క వ్రాశారు. క్లెపాష్ పేటలో ఒక ఇల్లు. తాతగారి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. మతం కాథలిక్. భాష పోలిష్. వృత్తి చెప్పులు కుట్టడం. చదవగలడు, వ్రాయగలడు. భార్య. తరువాత ముగ్గురు పిల్లలు. రెండోవాడు బాబ్చ తండ్రి, రెండేళ్ళవాడు. మూడోది ఆరు నెలల ఆడపిల్ల. బాబ్చ మాతో ఎన్నడూ ఈ మేనత్త మాట అనలేదు.

మధ్యలో ఒక గడి ఉంది. దాన్ని మేము పుట్టిన ఊరనుకున్నాం. అధికారిణి కాదన్నారు. అది "ఏ ఊరికి చెందినవాడు" అనే గడి. ఆస్ట్రియా చట్టంలో ప్రతి మనిషీ ఏదో ఒక ఊరికి చెందాలి. ఉండేది ఎక్కడైనా సరే, బీదరికం వస్తే పోషించవలసిన బాధ్యత ఆ చెందిన ఊరిది. తిండికి లేనివాణ్ణి నగరం ఆ ఊరికి పంపించివేయవచ్చు. బిడ్డలకు తండ్రి ఊరే. 1896లో చట్టం మార్చి, పదేళ్ళు వరుసగా ఉన్నవాడు ఉంటున్న ఊరిలో ఆ హక్కు అడగవచ్చన్నారు. తాతగారి గడిలో క్రాకుఫ్ లేదు. దక్షిణాన కొండలవైపు ఒక పల్లె పేరుంది. పిల్లలు ముగ్గురూ క్రాకుఫ్‌లోనే పుట్టారు. వాళ్ళ గడుల్లో గుమాస్తా పేరు తిరిగి వ్రాయకుండా "పై ప్రకారమే" అన్నట్లు చిన్న గీతలు పెట్టాడు. "మాది క్రాకుఫ్" అని జీవితమంతా చెప్పుకున్న మనిషి, ఆ కాగితం ప్రకారం తాను బహుశా చూడనైనా చూడని పల్లెకు చెందినవాడు.

మేము ఆ గీతలను చాలాసేపు చూశాం. మన పిల్లలను "మీదే ఊరు?" అని హైదరాబాదులో అడిగితే ఒక జవాబు చెబుతారు, ఇక్కడ బడిలో అడిగితే ఇంకొకటి చెబుతారు. రెండింటికీ ఎదుటివారు "అది సరే, అసలు ఊరు?" అంటారు.

అదే పేజీలో ఆ ఇంటి పై అంతస్తులో యూదు కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళు ఇంట్లో ఏం మాట్లాడుకునేవారో గాని, భాష గడిలో పోలిష్ అని ఉంది. యిడ్డిష్‌కు ఆ లెక్కల్లో చోటు లేదని అధికారిణి చెప్పారు. ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో ఉన్న భాషల్లోంచే ఒకటి ఎంచుకోవాలి. తరువాత ఆవిడ కాసేపు ఆగి, ఇంకో వరుస దస్త్రాలు తెరమీద తెరిచారు. 1940లో జర్మను పాలకులు క్రాకుఫ్ యూదులందరిచేతా నింపించిన ఫారాలు. పేరు, పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా, సంతకం. యుద్ధానికి ముందు నగరంలో సుమారు నాలుగోవంతు యూదులు. 1941 మార్చిలో వారిలో మిగిలినవారిని నదికి ఆవల పొద్‌గూజె పేటలో ఒక గోడ మధ్య బంధించారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో దాన్ని ఖాళీ చేశారు. దారుణ శిబిరాలకు పోయినవారు పోగా చాలామందిని వీధుల్లోనే చంపారు.

ఆ ఫారాల్లో మమ్మల్ని కదిలించినది చేతివ్రాత. ఎంత శుభ్రంగా వ్రాశారో చెప్పలేం. గీత దాటకుండా, కొట్టివేతలు లేకుండా, అక్షరం అక్షరం విడివిడిగా. అధికారులకు కోపం రాకూడదని, కాగితం తిప్పి పంపకూడదని జాగ్రత్తపడేవారి వ్రాత అది. వీసా ఫారాలు నింపేటప్పుడు మనమూ అలాగే వ్రాస్తాం. 1392లో పేరు వ్రాసుకుని లోపలికి రానిచ్చిన నగరంలోనే, 1940లో పేరు వ్రాయించుకున్నది ఏరివేయడానికి. రెండు పుస్తకాలూ ఇప్పుడు ఒకే భవనంలో ఉన్నాయి. రెండింటినీ ఒకే శ్రద్ధతో కాపాడుతున్నారు. రెండోది లేకపోతే ఆ మనుషులు ఉన్నారనడానికి చాలామంది విషయంలో వేరే కాగితం కూడా ఉండదని అధికారిణి అన్నారు.

క్రాకుఫ్ అదృష్టం ఏమంటే దాని పుస్తకాలు యుద్ధాన్ని దాటివచ్చాయి. వార్సా పుస్తకాలకు ఆ అదృష్టం లేదు. అక్కడి ప్రాచీన దస్త్రాల కేంద్ర భాండాగారాన్ని 1944 సెప్టెంబరు 2న జర్మనులు కావాలని తగలబెట్టారు. శతాబ్దాల కాగితంలో అత్యధిక భాగం కొద్దిసేపట్లో బూడిదైంది. ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నారు గాని కాగితాలను మళ్ళీ వ్రాయలేరు కదా.

ఇంటికి వచ్చిన సాయంత్రమే బాబ్చ దగ్గరకు వెళ్ళాం. అధికారిణి పెద్ద అక్షరాలతో వ్రాసిచ్చిన కాగితం చదివి వినిపించాం. పల్లె పేరు విని ఆవిడ రెండుసార్లు పలికారు, మా ఉచ్చారణ దిద్దారు. "అయితే మేము కొండలవాళ్ళమన్నమాట" అన్నారు. నిరాశపడతారేమోనని మేము భయపడ్డాం గాని అదేమీ కనబడలేదు. మేనత్త పేరు చదివినప్పుడు మాత్రం ఆపమన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా నాన్న నాకు పెట్టిన పేరు అదే" అన్నారు. ఈ ఎనభై ఏళ్ళూ ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకు తెలియదు. మేము కూడా, ఆవిడను బాబ్చ అని తప్ప పిలవని మూలాన, ఆ పేరు చదువుతూ కూడా గమనించలేకపోయాం.

క్రాకుఫ్ వెళ్ళదలచిన సభ్యులకు రెండు మాటలు. ఆ పుస్తకాల్లో చాలాభాగం పోలండు ప్రభుత్వ భాండాగారాలవారు కంప్యూటరు మీద ఉచితంగా చూడనిస్తున్నారు. ఇంటినుంచే చూడవచ్చు. కాని చదివిపెట్టే మనిషి కోసం వెళ్ళాలి. ఉప్పుగనికి ఇంకో రోజు అట్టేపెట్టుకోండి.

ఇంకొక మాట మన గురించి. మెకంజీ దొర 1800 ప్రాంతంలో మన గ్రామ కరణాల కవిలెలు చూసి వ్రాయించిన కైఫీయతులు గ్రంథాలయాల్లో ఉన్నాయి. మూలమైన కవిలెలు చాలామటుకు లేవు. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు మా తాతగారి ఇంట్లోని పాత పుస్తకాలు అటకమీదికి వెళ్ళాయి. తరువాత ఏమయ్యాయో అడిగితే ఎవరూ చెప్పలేకపోతున్నారు. అంత దూరం ఎందుకు, మన సంఘం పెట్టిన కొత్తలో సభ్యుల పేర్లు, చందాలు, మొదటి ఉగాదికి ఎవరు ఏం వండి తెచ్చారో చేత్తో వ్రాసిన నోటుపుస్తకం ఒకటి ఉండేది. దానిమీద నీలం అట్ట ఉండేదని పాతవారంటారు. అది ఎవరి గరాజులో ఉందో దయచేసి వెతకండి. దొరికితే వచ్చే సమావేశానికి తీసుకురండి. గొలుసుకట్టు వ్రాత చదవగలిగిన పెద్దలు ఇద్దరు ముగ్గురు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే పిల్లలను పక్కన కూర్చోబెట్టి చదివిద్దాం.